నీటిరంగులతో తొలి చిత్రం

పాఠ్య ప్రవేశం



ఇంతవరకు మన తెలుగు తరగతిలో అక్షరాలు దిద్దాం, పదాలు కూర్చాం, వాక్యాలు రాశాం. ఈ పాఠంలో కుంచెతో రంగులు దిద్దడం నేర్చుకుందాం. పలకమీద అక్షరం తప్పుపోతే తుడిచి మళ్లీ రాయవచ్చు. నీటిరంగులలో ఆ వీలు చాలా తక్కువ. ఒకసారి కాగితంమీద వాలిన రంగు అక్కడే నిలుస్తుంది. అందుచేత కుంచె తడపడానికి ముందే నీటి స్వభావాన్ని, కాగితం స్వభావాన్ని తెలుసుకోవాలి. ఈ సంగతి నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు, ఒక చిత్రాన్ని పాడుచేసి నేర్చుకున్నాను. ముందు ఆ కథ చెబుతాను.

అమ్మమ్మ ఇల్లు

నాకు అప్పుడు పదేళ్లు. మా అమ్మమ్మ పేరాక్ రాష్ట్రంలోని బాగన్ దాతుక్ ప్రాంతంలో ఒక కొబ్బరితోటలో ఉండేది. చెక్క గోడలు, తుప్పుపట్టిన జింకు రేకుల కప్పు, ముందు చిన్న అరుగు, పక్కన బట్టలారేసే తీగ, వెనుక వరుసగా కొబ్బరిచెట్లు. ఇదే ఆమె ఇల్లు. మా తాతయ్య ఆ తోటలోనే పనిచేసి, ఆ ఇంటిలోనే కన్నుమూశాడు. ఒకనాడు తోటవారు ఆ ఇళ్లన్నింటినీ పడగొట్టబోతున్నామని, నెలరోజులలో ఖాళీ చేయాలని కబురు పంపారు.

ఆ వారం మేము వెళ్లినప్పుడు అమ్మమ్మ నా చేతిలోని రంగుల పెట్టెను చూసింది. “ఈ ఇంటికి ఒక బొమ్మ వేసిపెట్టు నాయనా, కొత్తింటి గోడకి తగిలించుకుంటాను” అన్నది.

నేను వెంటనే అరుగుమీద కూర్చుని మొదలుపెట్టాను. నోటుపుస్తకంలోని పలుచని కాగితం చించుకున్నాను. ఆకాశానికి నీలం పూశాను. అది చారలు చారలుగా వచ్చింది. చారలు పోవాలని తడి కుంచెతో మళ్లీ మళ్లీ రుద్దాను. కాగితం నూగులు లేచి, ఇంటి కప్పు వేయవలసిన చోట చిరుగు పడింది. చిరుగు చుట్టూ తెల్లరంగు పూస్తే ఆకాశమంతా సున్నపు నీళ్లవలె పాలిపోయింది. నాకు ఏడుపు వచ్చింది.

అమ్మమ్మ ఆ కాగితాన్ని చూసి నవ్వలేదు. “వడియాలు ఆరకముందే గుడ్డమీంచి తీస్తే ఏమవుతుంది? విరిగిపోతాయి కదా. నీ కాగితమూ అంతే. తడిగా ఉన్నప్పుడు దాన్ని పీకకు. ఆరనియ్యి” అన్నది.

కుంచె ఎన్నడూ పట్టని మా అమ్మమ్మ చెప్పిన ఆ మాటే నీటిరంగుల విద్యకు మొదటి సూత్రమని తరువాత తెలిసింది. ఇక పాఠంలోకి వెళదాం.

నీటిరంగు అంటే ఏమిటి?

నీటిరంగులో ముఖ్యంగా ఉండేవి రెండు: మెత్తగా నూరిన రంగుపొడి, దానిని పట్టి ఉంచే బంక. ఆ బంక ఆఫ్రికా ఖండంలో పెరిగే ఒక తుమ్మజాతి చెట్టునుండి కారుతుంది. నీరు తగిలితే కరుగుతుంది, ఆరితే గట్టిపడి రంగుపొడిని కాగితానికి అంటిస్తుంది. మనం కలిపే నీరు రంగును కాగితంమీదికి మోసుకుపోయి, పని ముగియగానే ఆవిరైపోతుంది.

రంగుల పేర్లలో దేశాల కథలున్నాయి. అల్ట్రామరీన్ అనే ముదురు నీలాన్ని పూర్వం అఫ్ఘానిస్తాన్ కొండలలో దొరికే లాపిస్ లాజులీ అనే రాతిని నూరి తయారుచేసేవారు. అది సముద్రాలు దాటి ఐరోపాకు చేరేది గనుక దానికి ‘సముద్రానికి ఆవలిది’ అనే అర్థంలో ఆ పేరు వచ్చింది. ఒకప్పుడు అది చాలా ఖరీదైన రంగు. 19వ శతాబ్దంలో దానిని కర్మాగారంలో తయారుచేసే పద్ధతి కనుగొన్న తరువాతనే అది మనవంటి వారి పెట్టెలలోకి వచ్చింది. బర్న్‌ట్ సియన్నా అనే ఎర్రని గోధుమరంగుకు ఇటలీలోని సియెనా నగరం పేరు వచ్చింది. అక్కడి మట్టిని కాల్చితే ఆ రంగు వస్తుంది. సముద్రం దాటి వచ్చిన రంగు, కాల్చిన మట్టి రంగు, ఈ రెండూ మన చిత్రానికి కావాలి.

నీటిరంగు పారదర్శకమైనది. అంటే దాని గుండా అడుగున ఉన్న కాగితం కనబడుతుంది. వెలుతురు రంగుపొర గుండా లోపలికి పోయి, తెల్లని కాగితానికి తగిలి, తిరిగి మన కంటికి వస్తుంది. అందుకే నీటిరంగుల చిత్రంలో తెలుపు అంటే కాగితమే. తెల్లగా కనబడవలసిన చోటును ముందే గుర్తించి, అక్కడ రంగు వేయకుండా వదిలిపెట్టాలి. నేను తెల్లరంగు పూసి చేసిన పొరపాటు మీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది.

కావలసిన సామగ్రి

1. కాగితం: నీటిరంగులకోసం ప్రత్యేకంగా చేసిన మందపాటి కాగితం. చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండేది మంచిది. పలుచని కాగితం తడికి ముడతలు పడి, రుద్దితే చిరుగుతుంది. డబ్బు ఖర్చు చేయగలిగితే ముందు కాగితానికే చేయండి.

2. కుంచెలు: గుండ్రనివి రెండు చాలు. ఒకటి పెద్దది, 10 లేదా 12వ సంఖ్యది. మరొకటి చిన్నది, 4వ సంఖ్యది. తడిపినప్పుడు కొన సూదిగా నిలవాలి.

3. రంగులు: పసుపు, ఎరుపు, అల్ట్రామరీన్ నీలం, బర్న్‌ట్ సియన్నా. ఈ నాలుగింటితో మన చిత్రమంతా వేయవచ్చు.

4. రెండు గాజు సీసాల నీరు: ఒకటి కుంచె కడగడానికి, రెండవది రంగులో కలపడానికి. ఒక్క సీసాతోనే సరిపెట్టుకుంటే ఆ మురికి నీరే చిత్రమంతా పాకుతుంది.

5. తెల్లని పింగాణి పళ్లెం, పాత నూలుగుడ్డ, పెన్సిలు, కాగితాన్ని అతికించడానికి ఒక పలక, అంచులకు కాగితపు టేపు.

నీటి పాళ్లు

రంగులో ఎంత నీరు కలపాలి? దీనికి కొలత చెంచాలు లేవు. మన వంటింటి పోలికలు చాలు. లేతరంగు కావాలంటే చారువలె పలుచగా కలపండి. మధ్యరకం రంగుకు మజ్జిగవలె కలపండి. ముదురు రంగుకు పెరుగువలె చిక్కగా కలపండి. ఆకాశం చారుతో, కొబ్బరి మట్టలు మజ్జిగతో, కిటికీలోని చీకటి పెరుగుతో వేయాలని గుర్తుంచుకుంటే చాలు.

మరొక మాట. తడిగా ఉన్నప్పుడు కనబడిన రంగు ఆరిన తరువాత కొంత వెలిసి లేతబడుతుంది. కాబట్టి కావలసిన దానికంటే కొద్దిగా ముదురుగా కలపండి. వేసే ముందు వేరే కాగితపు ముక్కమీద ఒక గీత గీసి, ఆరనిచ్చి చూడండి.

మొదటి అభ్యాసం: సమమైన పూత

ఒక చదరాన్ని ఒకే రంగుతో, చారలు లేకుండా నింపడమే ఈ అభ్యాసం. తేలికగా కనబడుతుంది గాని అన్ని చిత్రాలకూ ఇదే పునాది.

పలక పైభాగం కింద రెండు వేళ్ల మందం గల పుస్తకాన్ని ఉంచి వాలు ఇవ్వండి. చదరానికి సరిపోయేంత రంగును ముందే కలిపి ఉంచుకోండి. మధ్యలో అయిపోతే మళ్లీ కలిపే లోపల పైభాగం ఆరిపోతుంది. పెద్ద కుంచెను నిండా ముంచి, పైన ఎడమనుండి కుడికి ఒక గీత లాగండి. గీత అడుగు అంచున రంగునీరు పూసలవలె నిలుస్తుంది. మళ్లీ కుంచె ముంచి, ఆ నీటి అంచును తాకుతూ రెండవ గీత లాగండి. ఆ నీరు కిందికి జారి కొత్త అంచున చేరుతుంది. ఇలా చివరివరకు పోవాలి. చివర నిలిచిన నీటిని, గుడ్డతో పిండిన కుంచె కొనతో పీల్చివేయండి.

ఒక్కటే నియమం: దాటి వచ్చిన చోటికి కుంచెను తిరిగి తీసుకుపోకూడదు. చిన్న చార కనబడినా వదిలివేయండి.

రెండవ అభ్యాసం: క్రమంగా లేతబడే పూత

మొదటి గీత ముదురు రంగుతో వేసి, తరువాతి ప్రతి గీతకు కొంచెం నీరు కలుపుతూ పోతే, కిందికి వచ్చేసరికి రంగు కాగితంలో కలిసిపోతుంది. ఆకాశాన్ని పరిశీలించండి. తలపైన నీలం చిక్కగా ఉంటుంది, దిగంతం దగ్గర పలుచబడుతుంది. ఆ ఆకాశాన్ని వేసే పద్ధతి ఇదే.

మూడవ అభ్యాసం: తడిమీద తడి

కాగితాన్ని మంచినీటితో తడిపి, మెరుపు ఇంకా ఉండగానే రంగు చుక్కలు వదలండి. రంగు దానంతట అదే పాకి, అంచులు మెత్తగా అవుతాయి. మబ్బులు, పొగమంచు, దూరపు చెట్లు ఇలా వేయవచ్చు. ఆరిన కాగితంమీద వేస్తే అంచులు పదునుగా వస్తాయి. తలుపు, స్తంభం, దగ్గరి చెట్టు అలా వేయాలి.

తడి ఎంత ఉందో తెలుసుకోవడానికి కాగితాన్ని పక్కనుండి చూడండి. అద్దంవలె మెరిస్తే చాలా తడిగా ఉంది. మెరుపు పోతే సగం ఆరింది. ఈ సగం ఆరిన వేళ చాలా ప్రమాదకరమైనది. అప్పుడు నీరెక్కువైన కుంచెతో తాకితే, కొత్త నీరు పాత రంగును పక్కకు నెట్టి, అంచున పోగుచేస్తుంది. కాలీఫ్లవర్ పువ్వువంటి మచ్చ పడుతుంది. దానిని తుడవబోతే ఇంకా పెద్దదవుతుంది. ఆ సమయంలో కుంచెను కింద పెట్టి, చేతులు కట్టుకుని కూర్చోవడమే మంచి పని.

మనం ఉండే మలేషియాలో గాలిలో తేమ ఎక్కువ. కాబట్టి ఇక్కడ కాగితం నిదానంగా ఆరుతుంది, వాన కురిసే సాయంకాలాల్లో ఇంకా ఆలస్యమవుతుంది. చేతివేళ్ల వెనుకభాగాన్ని కాగితానికి మృదువుగా ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్లే. పని ముగిసిన తరువాత రంగుల పెట్టెను తడిగానే మూయకండి. బూజు పడుతుంది.

రంగుల కలయిక

పసుపు, ఎరుపు కలిస్తే నారింజరంగు. పసుపు, నీలం కలిస్తే ఆకుపచ్చ. ఎరుపు, నీలం కలిస్తే ఊదా. ఇవి మీకు తెలిసినవే. తెలియని అద్భుతం ఒకటి చెబుతాను. అల్ట్రామరీన్ నీలంలో బర్న్‌ట్ సియన్నాను కలపండి. నీలం ఎక్కువైతే వానమబ్బు రంగు, సియన్నా ఎక్కువైతే పాత చెక్క రంగు, రెండూ చిక్కగా సమానమైతే దాదాపు నలుపు వస్తుంది. కనుక మన పెట్టెలో నల్లరంగు లేకపోయినా లోటు లేదు.

ఒకే చోట రెండు రంగులకు మించి కలపకుండా అలవాటు చేసుకోండి. అన్నింటినీ కలిపితే బురద వస్తుంది.

చిత్రరచన: కొబ్బరితోటలో ఇల్లు

ఇప్పుడు నేర్చుకున్నదంతా ఒకచోట చేర్చుదాం. నీటిరంగులలో లేతనుండి ముదురుకు, దూరంనుండి దగ్గరకు పోవాలి.

మొదటి దశ: పెన్సిలుతో తేలికగా గీయండి. దిగంతరేఖ, ఇంటి ఆకారం, రెండు కొబ్బరిచెట్లు, బట్టల తీగ, దానిపై ఆరవేసిన ఒక తెల్లని పంచె. ఆ పంచె ఉన్నచోట చివరివరకు రంగు పడకూడదు.

రెండవ దశ: పంచె చుట్టూ వదిలి, ఆకాశాన్ని క్రమంగా లేతబడే పూతతో నింపండి. కప్పు అంచుమీదికి కొంచెం నీలం పోయినా ఫరవాలేదు. కప్పు రంగు దానిని కప్పుతుంది. పూర్తిగా ఆరనివ్వండి.

మూడవ దశ: దిగంతం దగ్గర సన్నని పట్టీని నీటితో తడిపి, నీలం ఎక్కువగా ఉన్న పలుచని ఆకుపచ్చను వదలండి. దూరపు చెట్లు మసకగా నిలుస్తాయి. మళ్లీ ఆరనివ్వండి.

నాలుగవ దశ: గోడలకు బర్న్‌ట్ సియన్నాను చారువలె పలుచగా పూయండి. గోడ ఆరిన తరువాత, కప్పుకు నీలం, సియన్నా కలిపిన బూడిదరంగు వేయండి. అది తడిగా ఉండగానే అక్కడక్కడ చిక్కని సియన్నా చుక్కలు వదిలితే అవే తుప్పు మరకలవుతాయి.

ఐదవ దశ: ఆరిన గోడమీద, కప్పు కింది భాగంలో, పలుచని నీలిబూడిదరంగును ఒకే గీతగా లాగండి. అడుగు రంగు కనబడుతూనే నీడ పడుతుంది. అప్పుడు ఇల్లు కాగితంమీదినుండి లేచి నిలబడినట్లు కనబడుతుంది.

ఆరవ దశ: చివరగా ముదురు రంగులు. కొబ్బరిమట్టలకు పసుపు, నీలం కలిపి, పచ్చదనం మరీ కొట్టొచ్చినట్లుంటే చిటికెడు సియన్నా చేర్చండి. చిన్న కుంచెను మట్ట మొదటినుండి బయటికి వేగంగా విదిలించండి. కిటికీలోని చీకటి, తలుపు సందు, తీగ వేసి, ఆపండి. ‘ఇంకొక్క గీత’ అనిపించినప్పుడే ఆపడం మంచిది.

తప్పు జరిగినప్పుడు

తడిరంగు వద్దనిపిస్తే వెంటనే పొడి గుడ్డతో అద్దండి, రుద్దకండి. ఆరిన రంగును లేతపరచాలంటే, తడి కుంచెతో మెల్లగా తాకి, గుడ్డతో అద్దండి. కొంతవరకు తేలివస్తుంది. కొన్ని రంగులు మరకవలె పట్టుకుంటాయి. అవి పోవు. అప్పుడు ఆ మరకనే చిత్రంలో ఒక భాగంగా మలచుకోవాలి.

ఇద్దరు చిత్రకారులు

ఈ విద్యలో పేరుపొందిన ఇద్దరిని మీరు తెలుసుకోవాలి. మొదటివారు దామెర్ల రామారావుగారు. 1897లో గోదావరి ఒడ్డున రాజమహేంద్రవరంలో జన్మించారు. అక్కడి కళాశాల ప్రధానాచార్యులైన ఆస్వాల్డ్ కూల్‌డ్రే అనే ఆంగ్లేయుడు ఆయన ప్రతిభను గుర్తించి ప్రోత్సహించారు. బొంబాయిలోని జె.జె. కళాశాలలో చిత్రకళ అభ్యసించి, తిరిగి వచ్చి తన ఊరిలోనే చిత్రకళ నేర్పారు. మశూచి సోకి 1925లో, 28 ఏళ్లు నిండకుండానే మరణించారు. ఆయన చిత్రాలు నేటికీ రాజమహేంద్రవరంలో ఆయన పేరిట ఉన్న చిత్రశాలలో చూడవచ్చు.

రెండవవారు యోంగ్ మున్ సెన్ గారు. 1896లో సరవాక్‌లో జన్మించి, పెనాంగ్‌లో స్థిరపడి, 1962లో మరణించారు. సముద్రతీరాలను, కొబ్బరిచెట్లను, జాలరుల పడవలను నీటిరంగులలో చిత్రించారు. మలేషియా చిత్రకళకు పితామహుడని ఆయనను గౌరవిస్తారు. ఒకరు మన పూర్వుల దేశంవారు, మరొకరు మనం పుట్టిన దేశంవారు. ఏడాది తేడాతో పుట్టిన ఆ ఇద్దరూ తమ కళ్లెదుటి మనుషులను, నీటిని, నేలను చిత్రించారు. మీరూ మీ కళ్లెదుట ఉన్నదానితోనే మొదలుపెట్టండి.

ముగింపు

మా అమ్మమ్మ ఇంటి బొమ్మ ఏమైందని మీరు అడగవచ్చు. మా మామయ్య మందపాటి కాగితం కొనితెచ్చాడు. మూడు వారాలు, ప్రతి ఆదివారం ఆ అరుగుమీదనే కూర్చుని వేశాను. మూడవ చిత్రం కుదిరింది. అందులోనూ ఆకాశంలో ఒక కాలీఫ్లవర్ మచ్చ పడింది. దానిని రుద్దబోయి, అమ్మమ్మ వడియాల మాట గుర్తుకు వచ్చి, కుంచెను కింద పెట్టాను.

ఆ చిత్రంలో తీగమీద తాతయ్య పంచె ఉంది. నిజానికి అప్పటికి ఆ తీగమీద పంచె ఆరవేసి రెండేళ్లయింది. అమ్మమ్మ అడిగితే వేశాను. వేశాను అనడం కూడా సరికాదు. ఆ చోటును తెల్లగా వదిలిపెట్టాను, అంతే.

తరువాతి నెలలో ఇల్లు పడగొట్టారు. చిత్రం అమ్మమ్మ కొత్తింటి గోడమీదికి చేరింది. ఆకాశంలోని మచ్చను చూపి ఎవరైనా అడిగితే, “అది వానమబ్బు. ఆ వేళప్పుడు రోజూ పట్టేది” అని చెప్పేది.

మీ ఇంటిలోనూ, మీ వీధిలోనూ రేపు ఉండకపోవచ్చునని మీకు తోచినది ఏదో ఒకటి ఉంటుంది. పాత చెట్టు కావచ్చు, అవ్వ కూర్చునే కుర్చీ కావచ్చు. దాని ఎదుట కూర్చుని, నిదానంగా చూసి, వేయండి. తడి ఆరేవరకు ఆగండి.

పదాలు – అర్థాలు

పారదర్శకం: తన గుండా ఆవలివైపు కనబడనిచ్చేది
దిగంతం: నేల, ఆకాశం కలిసినట్లు కనబడే చోటు
అరుగు: ఇంటి ముందు కూర్చోవడానికి కట్టిన తిన్నె
మశూచి: ఒంటినిండా పొక్కులు లేచే ప్రాణాంతకమైన అంటువ్యాధి
పితామహుడు: తాత, ఒక విద్యకు ఆద్యుడు

అభ్యాసం

1. నీటిరంగుల చిత్రంలో తెల్లరంగు అవసరం లేదని ఎందుకు చెప్పారు?
2. సమమైన పూత వేసేటప్పుడు రంగును ముందే ఎందుకు కలిపి ఉంచుకోవాలి?
3. కాగితం సగం ఆరినప్పుడు నీరెక్కువైన కుంచెతో తాకితే ఏమి జరుగుతుంది? కారణం రాయండి.
4. వడియాల పోలిక ద్వారా అమ్మమ్మ ఏమి బోధించింది? మీ మాటలలో ఐదు వాక్యాలు రాయండి.
5. అల్ట్రామరీన్, బర్న్‌ట్ సియన్నా రంగుల పేర్లు ఎలా వచ్చాయి?

కృత్యం: మీ ఇంటిలోని పెద్దవారిని, వారు చిన్ననాట నివసించిన ఇంటిని గురించి అడగండి. వారు చెప్పిన వివరాలను తెలుగులో రాసుకుని, ఆ ఇంటిని నీటిరంగులలో చిత్రించి తరగతికి తీసుకురండి.